మెమరీ గుట్టు విప్పిన మేధావి – జాన్ వాన్ న్యూమన్

నడుస్తున్న ఒక ప్రోగ్రాము తన మెమరీలో ఏ విలువ దాచుకుందో పైథాన్‌లో రాసిన మరో చిన్న ప్రోగ్రాము చదివి చెప్పగలదు. చూసేవారికి ఇది గారడీలా ఉంటుంది. కానీ గారడీ ఏమీ లేదు. దీని మూలం జాన్ వాన్ న్యూమన్ అనే గణితవేత్త 1945లో రాసిన ఒక నివేదికలో ఉంది.

ఆయన 1903 డిసెంబరు 28న హంగరీ రాజధాని బుడాపెస్టులో ఒక సంపన్న యూదు కుటుంబంలో జన్మించాడు. కొడుక్కి లెక్కలంటే ప్రాణం. లెక్కలు కూడు పెడతాయా అని బ్యాంకరైన తండ్రికి బెంగ. మన ఊళ్ళలో కన్నవాళ్ళ బెంగా ఇదే కదా! చివరికి తండ్రి కోసం జ్యూరిక్‌లో కెమికల్ ఇంజనీరింగు, తన కోసం బుడాపెస్టులో గణితంలో డాక్టరేటు, రెండూ 1926లోనే పూర్తిచేశాడు. 1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు వెళ్ళి, 1933లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఆచార్యుడయ్యాడు. ఎప్పుడో చదివిన పుస్తకాన్ని కూడా పేజీలకు పేజీలు అప్పజెప్పేవాడని తోటివారు చెప్పుకునేవారు.

యుద్ధకాలంలో ఆయన అణుబాంబు తయారీలో పాల్గొన్నాడు. నాగసాకిని బూడిద చేసిన బాంబు రూపకల్పనలో ఆయన లెక్కలున్నాయి. ఆ మచ్చను దాచి ఆయన కథ చెప్పలేం.

1944లో ఎబర్డీన్ రైల్వేస్టేషన్లో కలిసిన గోల్డ్‌స్టైన్ అనే సైనికాధికారి ద్వారా ఎనియాక్ యంత్రం సంగతి ఆయనకు తెలిసింది. అందులో సుమారు 18,000 వాల్వులు. లెక్క మారినప్పుడల్లా తీగలు పీకి మళ్ళీ గుచ్చాలి. దానికే రోజులు పట్టేది. 1945 జూన్ నాటి ఎడ్వాక్ నివేదికలో ఆయన వేరే దారి వివరించాడు: లెక్కకు కావలసిన విలువలతోపాటు చేయవలసిన పనుల ఆదేశాలను కూడా అంకెలుగా మార్చి ఒకే మెమరీలో పెట్టాలి. ఎకర్ట్, మాక్లీ అనే ఇంజనీర్లకూ ఈ ఆలోచనలో భాగముంది. అయినా నివేదికపై ఒక్క న్యూమన్ పేరే అచ్చయింది. వాళ్ళ బాధలో న్యాయముంది.

మెమరీని సర్వే నంబర్లు వేసిన పొలమనుకోండి. ప్రతి మడికీ ఒక నంబరుంది, మడిలో ఒక అంకె ఉంది. అది ఆదేశమా, విలువా అని మడి చెప్పదు. 65 అని ఉంటే అరవై ఐదు కావచ్చు, ఇంగ్లీషు అక్షరం 'ఎ' కావచ్చు. అందుకే పక్క ప్రోగ్రామును చదవాలంటే నంబరొక్కటే చాలదు, ఎన్ని మళ్ళు చదవాలో, వాటిని ఏ రకంగా అర్థం చేసుకోవాలో కూడా తెలియాలి.

ప్రిన్స్‌టన్‌లో ఆయన కట్టించి, 1952లో ప్రపంచానికి చూపిన యంత్రంలో మళ్ళు 1,024 మాత్రమే. అప్పట్లో గట్లు లేవు, ఒక ప్రోగ్రాము నడిస్తే పొలమంతా దానిదే. తర్వాత ఒకే యంత్రంలో అనేక ప్రోగ్రాములు కాపురం పెట్టాక గట్లు తప్పలేదు. ఇవాళ పైథాన్ తనంతట తాను గట్టు దాటలేదు. ఆపరేటింగ్ సిస్టమును అడగాలి. విండోస్‌లో రీడ్‌ప్రాసెస్‌మెమరీ అనే ఫంక్షను ఉన్నది ఇందుకే. అనుమతి ఉంటేనే విలువ చేతికొస్తుంది. తప్పు ఎక్కడుందో వెతకడానికి ఈ దారి ఎంతో మేలు. అదే దారిలో ఒకరి పాస్‌వర్డునూ దొంగిలించవచ్చు.

1955లో న్యూమన్‌కు క్యాన్సరని తేలింది. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో, మందుల మత్తులో సైనిక రహస్యాలు బయటపెడతాడేమోనని ఆయన మంచం దగ్గర కాపలా పెట్టారు. ఎవరి మెమరీనైనా చదవవచ్చని దారి చూపినవాడి జ్ఞాపకాలకే చివరికి కాపలా! 1957 ఫిబ్రవరి 8న, 53 ఏళ్ళకే కన్నుమూశాడు. మెదడునూ కంప్యూటరునూ పోలుస్తూ ఆయన సగంలో వదిలిన రచన 1958లో వెలువడింది.

మిత్రులారా, చదవగల నేర్పు మనకు ఆయన తరం ఇచ్చింది. ఎవరిది చదవాలి, ఎవరిని అడిగి చదవాలి అన్న వివేకం మాత్రం మనమే అలవరచుకోవాలి.

– మూడవ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి