డాక్టరు మాంటిసోరి

పిల్లలందరు ఒక్కరీతిగా నేర్చుకొనరు. కొందరు విన్నంతనే గ్రహింతురు. కొందరు చూచి గ్రహింతురు. మరికొందరు తమ చేతితో తాకి, పదిమారులు చేసి చూచినగాని గ్రహింపరు. ఈ కడపటివారిని లోకము చిరకాలము మందమతులని త్రోసివేసినది. చదువునకు తగరని బడి వారిని బయట నుంచినది. పనికి తగరని ఊరును వారిని బయటనే యుంచినది. అట్టి పిల్లల చేతులలో దాగియున్న శక్తిని గుర్తించి, దానిని మేల్కొల్పు మార్గమును లోకమునకు చూపిన మహనీయురాలు డాక్టరు మేరియా మాంటిసోరి.

మేరియా 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమున కియరవల్లె యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి. తల్లికి గ్రంథపఠన మనిన మిక్కిలి మక్కువ. మేరియాకు ఐదేండ్ల ప్రాయమున వారి కుటుంబము రోము నగరమునకు చేరెను. ఆ దినములలో ఆడపిల్ల చదువుకొనినచో ఉపాధ్యాయిని కావలెనని పెద్దలు తలచెడివారు. మేరియా యందుల కొప్పుకొనలేదు. గణితమునందు ప్రీతి గలదై, పదుమూడవ యేట సాంకేతిక పాఠశాలలో చేరెను. పిమ్మట ఆమె మనస్సు వైద్యవిద్యవైపు మరలినది. తండ్రి కది యిష్టము కాలేదు. తల్లి మాత్రము అండగా నిలిచెను.

విశ్వవిద్యాలయమున ఆమెకు కష్టములు తప్పలేదు. పురుషులతో గూడి శవచ్ఛేదము చేయుట స్త్రీకి తగదని యెంచి, తరగతి ముగిసి అందరు వెడలిన పిమ్మట ఆమెను ఒంటరిగా ఆ పని చేసికొమ్మనిరి. మేరియా వెనుదీయక 1896లో వైద్యపట్టము పొందెను. ఇటలీలో ఆ పట్టమందిన తొలి స్త్రీలలో ఆమె యొకతె.

రోము విశ్వవిద్యాలయమునకు చెందిన మానసిక వైద్యశాలలో ఆమె సహాయవైద్యురాలుగా పనిచేయసాగెను. ఆ పనిమీద నగరములోని పిచ్చియాసుపత్రులను దర్శించుచుండెడిది. ఆ కాలమున మాటలు రాని పిల్లలను, బుద్ధి యెదుగని పిల్లలను, ఇతరులతో కలియక తమలో తామే యుండు పిల్లలను, మూర్ఛవ్యాధి గలవారిని ఒక్కచోట చేర్చి, ఉన్మాదులైన పెద్దల నడుమనే యుంచెడివారు. వారికి బడి లేదు, ఆట లేదు, పని లేదు. ఒకచోట పిల్లలు భోజనము ముగిసినంతనే నేలపై బడి రొట్టె తునుకలకై ప్రాకుచుండగా, వారిని కాచుచున్న స్త్రీ యది చూచి అసహ్యించుకొనినదని చెప్పుదురు. మాంటిసోరి మాత్రము ఆ గదిని నలుదెసల పరికించి చూచెను. అందు గోడలు తప్ప పిల్లలు చేతబట్టుకొనుటకు తగిన వస్తు వొక్కటియు లేదు. వారు వెదకునది ఆహారము కాదు, చేతులకు పని యని ఆమెకు స్ఫురించెను. వీరికి మందుకంటె చదువే యెక్కువ అవసరమని ఆమె నిశ్చయించుకొనెను.

అట్టి చదువు నెవరైన చెప్పియుండిరా యని ఆమె పూర్వగ్రంథములను శోధించెను. ఫ్రాన్సు దేశమునకు చెందిన ఇద్దరు వైద్యుల కృషి ఆమెకు దారి చూపెను. వారిలో మొదటివాడు ఇటార్డు. అవెయిరాన్ అడవులలో దొరకిన ఒక మూగబాలుని 1800లో పారిసు నగరమునకు గొనివచ్చిరి. ఇటార్డు ఆ బాలునికి విక్టరని పేరిడి, సుమారు ఐదేండ్లు ఓపికతో బోధించెను. బాలునికి మాటలు రాలేదుగాని, కొన్ని వ్రాతపదముల అర్థము తెలిసినది. చిన్నచిన్న పనులు చేయుట వచ్చినది. ఆ బాలునికి ఆటిజ ముండియుండునని నేటి పండితులలో కొందరు భావింతురు. రెండవవాడు ఇటార్డు శిష్యుడైన సెగెన్. అతడు పారిసులో బుద్ధిమాంద్యము గల పిల్లలకై ప్రత్యేకముగా బడి నడిపెను. మొదట కండరములకు శిక్షణ, పిమ్మట ఇంద్రియములకు శిక్షణ, ఆ పిమ్మట బుద్ధికి శిక్షణ యనునది అతని క్రమము. అతడు తరువాత అమెరికాకు వలసపోయి అచ్చటను ఇట్టి పాఠశాలలకు తోడ్పడి, 1880లో మరణించెను. సెగెన్ వ్రాసిన పెద్ద గ్రంథమును మాంటిసోరి తన భాషలోనికి మార్చుకొని, మొదటినుండి తుదివరకు స్వహస్తముతో వ్రాసికొనెను. ప్రతి మాటయొక్క భావము మనసున నాటుటకే ఆమె యింత శ్రమపడెను.

1900లో రోము నగరమున ఇట్టి పిల్లలకు బోధింపగల ఉపాధ్యాయులను తీర్చిదిద్దుటకై యొక పాఠశాల వెలసెను. మాంటిసోరి దానికి సంచాలకులలో నొకతె యయ్యెను. ఆమె ఉపాధ్యాయులకు బోధించుటతో తృప్తి చెందలేదు. ఉదయము 8 గంటలు మొదలు రాత్రి 7 గంటల వరకు తానే పిల్లలతో నుండి, పగలు చూచినదానిని రాత్రి వ్రాసికొనుచుండెడిది. అక్షరములను చెక్కతో చేయించి, రంగు పూయించి, పిల్లలచేత వ్రేళ్లతో వాటి వంపులను తడవించెను. కన్ను మరచినదానిని వ్రేలు మరువదని ఆమె కనుగొనెను.

ఆ పిల్లలలో పదునొకండేండ్ల బాలిక యొకతె యుండెను. ఆమె చేతులలో బలము గలదు. కాని సూదిని గుడ్డపైకిని క్రిందికిని పోనిచ్చి కుట్టు వేయుట ఎన్నిమారులు చూపినను రాలేదు. మాంటిసోరి ఆ బాలికను గద్దింపలేదు. అదే పాఠమును మరల మరల చెప్పలేదు. సూదిని దూరముగా బెట్టి, కాగితపు పట్టెలతో చాప అల్లు పని నిచ్చెను. నిలువు పట్టెల నడుమ అడ్డుపట్టెను ఒకదానిపైనుండి, మరియొకదాని క్రిందినుండి పోనిచ్చుటయే ఆ పని. బాలిక దాని నిష్టముతో నేర్చుకొనెను. అందు చేయి తిరిగిన పిమ్మట మరల సూది నిచ్చి చూడగా, చినిగిన గుడ్డను దారముతో అల్లి పూడ్చుట ఆ బాలికకు సులభముగా వచ్చినది. అంతవరకు లోపించినది బుద్ధి కాదు. ఆ పనికి ముందు చేతికి కావలసిన సన్నాహము. ఏ పనినైనను చేయించుటకు ముందు, ఆ పనిలోని కదలికను వేరొక సులభమైన పనిలో నేర్పవలెనను సూత్రము మాంటిసోరికి ఈ విధముగా స్థిరపడినది.

సిరిసిల్ల నేతవారి కీ సూత్రము క్రొత్త కాదు. మొదటి దినముననే మగ్గముపై గూర్చుండి ఎవ్వరును చీర నేయరు. ముందు కండెలు చుట్టుట, తెగిన పోగు నతుకుట, పడుగును సవరించుట నేర్తురు. ఆ పిమ్మటనే నాడె చేతికి లొంగును. నేతవారు తమ బిడ్డలకు చూపు ఈ యోరిమిని, లోకము వదలివేసిన బిడ్డలకు సైతము చూపవలెనని మాంటిసోరి బోధించెను.

సుమారు రెండేండ్ల కృషి ఫలించెను. పనికిరారని పేరుబడిన ఆ పిల్లలలో కొందరు చదువను వ్రాయను నేర్చి, సామాన్య పాఠశాలల పిల్లలతోబాటు ప్రభుత్వ పరీక్షలో కూర్చుండి నెగ్గిరి. జనులు దీనిని అద్భుతమని పొగడిరి. మాంటిసోరి యందుకు పొంగిపోలేదు. తన పిల్లలు ఇంత నేర్వగలిగినపుడు, ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంతకంటె ముందుకు పోకుండ నాపుచున్న దేమని ఆమె ఆలోచింపసాగెను.

ఆ యాలోచనయే 1907 జనవరి 6వ తేదీన రోము నగరములోని సాన్ లొరెంజో యను బీదలపేటలో శిశుమందిరముగా రూపుదాల్చెను. సుమారు 50 మంది పిల్లలతో మొదలైన ఆ బడి కొలది యేండ్లలోనే లోకప్రసిద్ధి గాంచెను. గుండీలు పెట్టుకొనుట, చేతులు కడుగుకొనుట, బల్ల తుడుచుట, భోజనము వడ్డించుట అచ్చట పాఠములే. నేడు అనేక దేశములలో సంపన్నుల పిల్లలు చదువుచున్న మాంటిసోరి బడులకు మూలము, లోకము విసర్జించిన పిల్లల గది యని చాలమంది యెరుగరు.

ఇటలీలో ముసోలినీ ప్రభుత్వముతో ఆమెకు పొసగలేదు. ఆమె స్వదేశమును వీడి, కొంతకాలము స్పెయినునందును, పిమ్మట హాలెండునందును వసించెను. 1939లో దివ్యజ్ఞాన సమాజమువారి యాహ్వానమున, తన 69వ యేట కుమారుడు మేరియోతో గూడి మద్రాసు చేరెను. అడయారులో తాటాకు పందిళ్ల క్రింద ఆమె జరిపిన తరగతికి దేశపు నలుమూలలనుండి సుమారు 300 మంది వచ్చిరి. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివి; జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నైజాము రాజ్యములోనివి. 1940లో ఇటలీ యుద్ధమున దిగగా, ఆంగ్లప్రభుత్వము మేరియోను నిర్బంధమున నుంచెను. ఆమెను అడయారు దాటి పోనీయలేదు. ఆమె 70వ జన్మదినమున కుమారుని విడుదల చేసి, ఆ వార్తను ఆమెకు కానుకగా పంపిరి. యుద్ధము ముగియువరకు మన దేశమున నుండి, పిమ్మట మరల వచ్చి, ఆమె వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

ఆమె కొడైకెనాలులో నున్న 1943వ సంవత్సరముననే, అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల స్వభావమును వర్ణించి యొక వ్యాసము ప్రకటించెను. వారు ఇతరుల కన్నులలోనికి చూడరు. చేసిన పనినే మరల మరల చేయుదురు. వస్తువుల వరుస మారినచో కలతపడుదురు. ఈ స్థితికే ఆటిజమను పేరు స్థిరపడినది. తల్లి యాదరము లేకపోవుటచే ఇది కలుగునని కొంతకాలము కొందరు నిందించిరి. ఆ మాట తప్పని తరువాత తేలినది. ఇది పుట్టుకతో మెదడు ఎదుగు తీరులోనుండు భేదము. తల్లిదండ్రుల దోషము కాదు. ఆటిజము గలవారిలో కొందరికి బుద్ధిమాంద్య ముండును. కొందరు చదువున చురుకైనవారు. మాంటిసోరి ఈ పేరుతో పిల్లలకు బోధింపలేదు. కాని రోము ఆసుపత్రి గదులలో ఆమె చూచిన పిల్లలలో ఇట్టివారును ఉండియుండవచ్చును. ప్రతి వస్తువునకు ఒక చోటు, ప్రతి పనికి ఒక క్రమము, మాటకంటె ముందు చేత అను ఆమె పద్ధతులు ఇట్టి పిల్లలకు మిక్కిలి హితమైనవి.

యౌవనమున అడుగిడు పిల్లల గూర్చియు ఆమె యోచించెను. వారు కొంతకాలము పల్లెపట్టున నుండి, పొలము దున్ని, పంట పండించి, అంగడిలో అమ్మి, తమ కష్టముచే వచ్చిన పైకమును చేత పట్టుకొనవలెనని సూచించెను. తానును పదిమందికి కావలసినవాడనే యను నమ్మిక అందువలన కలుగునని ఆమె యభిప్రాయము. 1952 మే 6వ తేదీన హాలెండులో ఆ పుణ్యశీల కన్నుమూసెను.

ఆమె గతించిన పిమ్మట మన తెలుగునాటను ఈ మార్గము విస్తరించినది. 1984లో కేంద్రప్రభుత్వము సికింద్రాబాదు మనోవికాస్ నగరులో బుద్ధిమాంద్యము గలవారికై జాతీయసంస్థను నెలకొల్పినది. ఇట్టి పిల్లలకు బోధించు ఉపాధ్యాయులు అచ్చట శిక్షణ పొందుదురు. తెలంగాణములోని మండలములలో భవిత కేంద్రములు వెలసినవి. 2016లో చేయబడిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములలో ఆటిజమును జేర్చినది. నిర్ణీతస్థాయి వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్యను, ప్రభుత్వోద్యోగములలో 4 శాతము స్థానములను ఆ చట్టము ఏర్పరచినది. ఆ స్థానములలో ఆటిజము గలవారికిని పాలు గలదు.

అయినను చట్టము బిడ్డ చేయి పట్టి పని నేర్పలేదు. ఆ పని మనుష్యులదే. జగిత్యాల చెంత చల్‌గల్ అంగడిలో మామిడికాయలను పరిమాణము ననుసరించి వేరుచేయవలెను. కోరుట్ల ప్రాంతమున పసుపు కొమ్ములను దుంపలనుండి వేరుచేయవలెను. సిరిసిల్లలో నేసిన బట్టను కొలిచి, మడచి, కట్టలు కట్టవలెను. వరుసయు క్రమమును ఇష్టపడు యువకుని కిట్టి పనులు తగియుండవచ్చును. ముందు రెండు రకములను మాత్రమే వేరుచేయించి, పిమ్మట మూడవదానిని చేర్పవలెను. చేయవలసిన పనిని బొమ్మలుగా గీసి, వరుసగా గోడపై నుంచవలెను. సాంచాల మోత కొందరికి చెవులలో సూదులవలె నుండును. అట్టివారిని మోత లేని గదిలో బట్ట మడచు పనిలో నుంచవలెను. బస్సెక్కుట, టిక్కెట్టు తీసికొనుట, కూలి డబ్బు లెక్కించుకొనుట యును ఆ చదువులో భాగమే. అందరు అన్ని పనులు చేయలేకపోవచ్చును. కొందరికి ఎల్లకాలము ఒకరి తోడు కావలసియుండును. అంతమాత్రముచే వారి చేతులు ఖాళీగా నుండనక్కర లేదు.

ఒక పిల్లవానికి ఒక పని రానిచో లోకము అతని నడిగి, అతనినే నిందించుచుండెడిది. ఆ ప్రశ్నను నేర్పువారివైపు మరల్చినది డాక్టరు మాంటిసోరి. సూది పట్టలేని బాలిక చేతికి కాగితపు పట్టె నిచ్చిన ఆ యోరిమి, ప్రతి తరగతిలోను ప్రతి కార్ఖానాలోను అలవడిననాడు ఆమె ఋణము కొంత తీరును.