మన మంథని ఎమ్మెల్యే, కంప్యూటర్, కరెంటు

పి.వి. నరసింహారావు గారు దేశానికి ప్రధాని. మా మంథనికి మాత్రం ముందు ఎమ్మెల్యే, అదీ 1957 నుంచి 1977 దాకా, ఇరవై ఏళ్లు. నేను పుట్టకముందే, 2004 డిసెంబర్ 23న పోయారు. సీఎస్ఈ చదివే నాకు ఆయన మీద ఇష్టం రాజకీయాల వల్ల కాదు, కంప్యూటర్ వల్ల కలిగింది.

1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. దత్తత వెళ్లి వంగరలో పెరిగారు. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువు దారి మూసుకుపోతే నాగపూర్, పూణే వెళ్లి చదివారు. వేయిపడగలు నవలను హిందీలోకి తెచ్చారు. 1971లో ముఖ్యమంత్రి అయ్యి భూసంస్కరణలకు పూనుకున్నారు.

1980ల మధ్యలో, అరవై దాటాక, కంప్యూటర్ ముందు కూర్చున్నారు. టైపింగ్‌తో ఆగలేదు. కోబాల్, బేసిక్ నేర్చుకుని ప్రోగ్రాములు రాశారు. మనం సెకండ్ ఇయర్‌లో లూప్ దగ్గర తంటాలు పడుతున్నాం కదా, ఒకసారి ఊహించుకోండి!

అప్పట్లోనే ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ మీద పరిశోధన జోరుగా సాగుతోంది. సబ్‌స్టేషన్‌లో ఒకేసారి బోలెడు అలారాలు మోగితే, అసలు ఫాల్ట్ ఏదో అనుభవం ఉన్న ఇంజనీర్ పట్టేస్తాడు. ఆ అనుభవాన్ని 'ఇలా అయితే అలా చెయ్' అనే రూల్స్‌గా రాసి కంప్యూటర్‌కు ఇవ్వడమే ఎక్స్‌పర్ట్ సిస్టమ్. బేసిక్ రాసిన పీవీ గారికి ఇఫ్-దెన్ కొత్త కాదు.

1991 జూన్‌లో ప్రధాని అయ్యారు. ఖజానా ఖాళీ, కరెంటు కొరత. ఆ ఏడాదే చట్టం సవరించి విద్యుత్ ఉత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు.

కరెంటు తయారైతే చాలదు, చేరాలి కూడా. మన పక్కనే ఉన్న రామగుండం దక్షిణ గ్రిడ్‌లోది, గోదావరి అవతలి చంద్రపూర్ పశ్చిమ గ్రిడ్‌లోది. రెండూ 50 హెర్ట్జే, కానీ అప్పట్లో అడుగు కలిసేది కాదు. నేరుగా కలిపితే ప్రమాదమయ్యేది. అందుకే చంద్రపూర్ దగ్గర భద్రావతిలో 1000 మెగావాట్ల స్టేషన్ కట్టారు. థైరిస్టర్లు ఒకవైపు ఏసీని డీసీ చేస్తాయి, ఇంకోవైపు మళ్లీ ఏసీ చేసి రామగుండం లైనుకు ఇస్తాయి. ఆయన దిగిపోయాక, 1990ల చివర్లో అది పనిలోకి వచ్చింది. దక్షిణ గ్రిడ్ దేశంతో పూర్తిగా అడుగు కలిపింది 2013 డిసెంబర్ 31న. ఈ ఘనత ఇంజనీర్లది, పీవీ గారి ఖాతాలో వేయను.

ఆయన ఖాతాలో వేయాల్సింది ఇంకోటి ఉంది. ఆయన తీసిన తలుపులోంచే మహారాష్ట్రలో ఎన్రాన్ వారి దభోల్ ప్లాంట్ వచ్చింది. ఆ కరెంటు ధర రాష్ట్ర బోర్డు మోయలేకపోయింది. 2001లో ప్లాంట్ మూతపడింది. ప్రైవేటు వస్తే కరెంటు వస్తుంది అన్న రూల్ తప్పు కాదు. బిల్లు ఎవరు కడతారన్న కండిషన్ దాంట్లో లేదు, అంతే.

అందుకే నాకు పీవీ గారు దేవుడూ కాదు, విలనూ కాదు. అరవై దాటాక కూడా మెషీన్‌ను స్వయంగా అర్థం చేసుకోవాలనుకున్న మనిషి. 2024లో భారతరత్న ఇచ్చారు, సంతోషం. పవర్ మాకెందుకు, అది ట్రిపుల్ఈ వాళ్లది అనే సీఎస్ఈ ఫ్రెండ్స్‌కు నా మాట ఒక్కటే: ఆ గ్రిడ్‌ను ఇవాళ నడిపేది మనం రాసే సాఫ్ట్‌వేరే. ఆ మర్చిపోయిన కండిషన్ రేపు మన కోడ్‌లోనూ ఉండొచ్చు.