గుర్రాల కోసం రేస్‌కోర్స్‌నే మార్పించిన నిజాం.. వజ్రం దగ్గర మాత్రం లెక్క తప్పింది!

హైదరాబాద్‌లో రేసులున్న రోజు మలక్‌పేట వైపు ఎప్పుడైనా వెళ్లారా? చేతిలో రేస్ బుక్, మరో చేతిలో పెన్ను. మొదటి రేసులో ఏది, మూడో రేసులో ఏది అని గుసగుసలు. అక్కడ టిప్ చెప్పని మనిషే ఉండడు!

అసలు ఈ గుర్రాలు మలక్‌పేటకి ఎలా వచ్చాయి? ఎవరు తెచ్చారు? ఆ పేరు చాలామందికి తెలిసిందే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. హైదరాబాదీలకు మహబూబ్ పాషా. చనిపోయి 110 ఏళ్లు దాటింది. అయినా ఆయన కథ పాతబస్తీలో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. గుర్రం, వజ్రం, వరద.. ఈ మూడింటి చుట్టూ తిరిగే ఆ జీవితం ఏంటో చూద్దాం.

మూడేళ్లు నిండకుండానే సింహాసనం

మహబూబ్ అలీఖాన్ పుట్టింది 1866 ఆగస్టులో. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో కన్నుమూశారు. అప్పటికి పిల్లాడికి మూడేళ్లు కూడా లేవు. మాటలు పూర్తిగా రాని వయసులో దక్కన్‌కి రాజైపోయాడు!

రాజు పిల్లాడే కానీ రాజ్యం పెద్దది. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసిన సంస్థానం అది. పాలన బాధ్యత రీజెంట్ల చేతికి వెళ్లింది. అందులో ముఖ్యుడు దివాన్ మొదటి సాలార్ జంగ్. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది కూడా ఆయన హయాంలోనే.

చదువు చెప్పడానికి ఇంగ్లండ్ నుంచి కెప్టెన్ జాన్ క్లర్క్ అనే ట్యూటర్‌ని తెచ్చారు. ఉర్దూ, ఫార్సీ, అరబీకి తోడు ఇంగ్లిష్ కూడా నేర్చుకున్నాడు. పుస్తకాల సంగతి ఎలా ఉన్నా గుర్రం, తుపాకీ దగ్గర మాత్రం కుర్రాడు త్వరగానే చేయి తిరిగాడు. ముందు ముందు పులుల వేటలో ఆయన గురి గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరాతో హఠాత్తుగా పోయారు. పద్నాలుగేళ్లు రాజ్యాన్ని మోసిన మనిషి ఒక్కసారిగా లేకుండా పోయారు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయ్ లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి మహబూబ్ అలీఖాన్‌కి పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి ఆయనకు పట్టుమని 18 ఏళ్లు కూడా నిండలేదు.

రేస్‌కోర్స్ ఇంటి దగ్గరకే వచ్చింది!

హైదరాబాద్‌లో రేసులు ఆయనతో మొదలవలేదు. 1868 నాటికే మౌలాలీలో గుర్రాలు పరిగెత్తేవి. పక్కనే సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్లు. బ్రిటిష్ ఆఫీసర్లకు సాయంత్రం పోలో, సీజన్‌లో రేసులు ఉండాల్సిందే.

అయితే 1886లో రేసులు మలక్‌పేటకి మారాయి. కారణం? నిజాంకి గుర్రాలంటే ఉన్న మోజు. మలక్‌పేటలో ఆయనకు మహబూబ్ మాన్షన్ అనే ప్యాలెస్ ఉండేది. రేస్ కోసం రాజు ఊరి అవతలకి వెళ్లడం కాదు, రేసే రాజు గడప దగ్గరకు వచ్చిందన్నమాట. అప్పటికి ఆయన వయసు 20.

ఒక్క రేసులే కాదు. ఆయన ఏడీసీ అఫ్సరుల్ ముల్క్ పేరున్న రౌతు. ఆయన నడిపిన గోల్కొండ బ్రిగేడ్ పోలో టీమ్ అంటే అవతలి జట్లకు దడ. 1896 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన గోల్కొండ కప్‌కి బెంగళూరు నుంచి ఓ బ్రిటిష్ రెజిమెంట్ వచ్చింది. ఇండియాలో దిగి రెండు నెలలు కూడా కాని ఆ జట్టు గోల్కొండ బ్రిగేడ్‌ని ఓడించి, కప్పు కూడా ఎగరేసుకుపోయింది. అందులో 21 ఏళ్ల కుర్ర ఆఫీసర్ ఒకడు ఉన్నాడు. పేరు విన్‌స్టన్ చర్చిల్! అవును, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన ఆ చర్చిలే.

ఇప్పటి ఏసీ గార్డ్స్ ఏరియా పేరు కూడా గుర్రాల నుంచి వచ్చిందే. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ అనే నిజాం అశ్విక దళం ఉన్న చోటు అది. ఏసీ అంటే అదీ సంగతి.

జంప్ రేస్ అంటే ఏంటి?

ఆ రోజుల్లో కంటోన్మెంట్ ఆఫీసర్లకు మహా ఇష్టమైనవి జంప్ రేసులు. అంటే గుర్రం ఉత్తగా పరిగెత్తితే సరిపోదు. దారిలో అడ్డంగా పెట్టిన కంచెలు దూకాలి. కాస్త చిన్న అడ్డంకులుంటే హర్డిల్ రేస్. పెద్ద కంచెలు, గుంతలు, నీళ్లు ఉంటే స్టీపుల్‌చేజ్. ఇంగ్లండ్‌లోని గ్రాండ్ నేషనల్ ఈ బాపతే. అందులో గుర్రం 4 మైళ్లకు పైగా పరిగెత్తి 30 కంచెలు దూకాలి.

అరకు, పాడేరు కొండల్లో రోడ్డు లేని కొన్ని గూడేలకు ఇప్పటికీ గుర్రాల మీదే బియ్యం బస్తాలు వెళ్తాయి. రాళ్లు, వాగులు దాటడం ఆ గుర్రానికి రోజువారీ బతుకు. అదే అడ్డంకిని మైదానంలో పెట్టి, పక్కన స్టాండ్ కట్టి, పోటీ చేస్తే అది జంప్ రేస్. తేడా అంతే!

ఇలాంటి రేసుకి టిప్ చెప్పడం మామూలు రేసు కంటే కష్టం. ఫ్లాట్ రేసులో స్పీడ్, బరువు, దూరం చూసుకుంటే ఓ అంచనా వస్తుంది. జంప్ రేసులో మాత్రం అందరికంటే ముందున్న గుర్రం కూడా చివరి కంచె దగ్గర బోర్లా పడొచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు చూసేది స్పీడ్ కాదు. గతంలో ఎన్నిసార్లు పడకుండా రేస్ పూర్తి చేసింది? నేల తడిగా ఉందా, గట్టిగా ఉందా? మీద ఎవరు కూర్చున్నారు? ఇవీ లెక్కలు.

ఇప్పుడు మన దగ్గర నడిచేవి ఫ్లాట్ రేసులే. వాటిలోనూ లెక్క తక్కువేం కాదు. బాగా గెలిచే గుర్రానికి హ్యాండిక్యాపర్ ఎక్కువ బరువు వేస్తాడు. అందరికీ సమాన అవకాశం ఇవ్వాలని ఆ పద్ధతి. గుర్రాన్ని ప్యాడాక్‌లో నడిపిస్తున్నప్పుడు చెమట పడుతోందా, బెదురుతోందా అని చూస్తారు. 1996లో సుప్రీంకోర్టు కూడా గుర్రపు పందేలు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డవే అని తేల్చింది. అలాగని టిప్ తప్పదని కాదు. జేబు ఖాళీ అయి బస్సు ఛార్జీ కోసం వెతుక్కున్నవాళ్లు మలక్‌పేటలో కొల్లలు.

చూడకుండానే కట్టిన 23 లక్షలు

గుర్రాన్ని కొనేముందు చుట్టూ తిరిగి చూస్తారు. పళ్లు చూస్తారు, కాళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు. గుర్రాల మధ్య పెరిగిన నిజాంకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ 1891లో ఓ వజ్రం విషయంలో ఆయన చేసింది సరిగ్గా దీనికి ఉల్టా!

సిమ్లాలో అలెగ్జాండర్ జాకబ్ అనే నగల వ్యాపారి ఉండేవాడు. దాదాపు 185 క్యారెట్ల వజ్రం ఒకటి ఉందని కబురు పంపాడు. నిజాంకి, ఆయనకు మధ్య మాటలు నడిపింది ఆల్బర్ట్ ఆబిద్. నిజాం దగ్గర నమ్మకంగా పనిచేసిన మనిషి. ఇవాళ మనం అబిడ్స్ అంటున్నామే, ఆ పేరు ఈయనదే.

బేరం 46 లక్షల దగ్గర కుదిరింది. అందులో సగం, అంటే 23 లక్షలు, వజ్రం చేతికి రాకముందే నిజాం డిపాజిట్ చేశారు. 1891లో 23 లక్షలంటే ఊహించుకోండి! తీరా వజ్రం వచ్చాక ఆయనకు నచ్చలేదు. అంత ఖర్చేంటని బ్రిటిష్ రెసిడెంట్ కూడా అడ్డుపడ్డారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే జాకబ్ దగ్గర లేదు.

వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. దక్కన్ ఏలే నిజాం అంతటివాడు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. దేశమంతా దీని గురించే చర్చ. చివరికి జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత రాజీ కుదిరి వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. కానీ పరువు?

ఆ వజ్రం మొహం చూడటమే ఆయనకు ఇష్టం లేకుండా పోయిందంటారు. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి అది ఓ చెప్పు ముందు భాగంలో దొరికిందని, దాన్ని ఆయన పేపర్ వెయిట్‌గా వాడారని చెబుతారు. 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్లకు కొన్నప్పుడు జాకబ్ వజ్రం కూడా అందులో ఉంది.

ఎవరి డబ్బు?

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. మహబూబ్ పాషా దర్జా గురించి బోలెడు కథలున్నాయి. ఒకసారి వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవారు కాదట. పురానీ హవేలీలోని ఆయన వార్డ్‌రోబ్ పొడవు 176 అడుగులు. ఇప్పటికీ జనం వెళ్లి నోరెళ్లబెట్టి చూస్తారు.

కానీ అదే కాలంలో 1899-1900 కరువు సంస్థానంలోని మరాఠ్వాడా జిల్లాలను అతలాకుతలం చేసింది. సంస్థానం ఆర్థిక పరిస్థితి దిగజారి, లెక్కలు సరిచేయడానికి బ్రిటిష్ అధికారి కాసన్ వాకర్‌ని పిలిపించాల్సి వచ్చింది. రేస్‌లో ఓడినవాడు తన డబ్బు పోగొట్టుకుంటాడు. రాజు ఖర్చు తప్పితే ఆ భారం మోసేది రైతు. ఆయన్ని ఎంత ఇష్టపడేవాళ్లయినా ఈ సంగతి దాటేయలేరు.

మూసీ పొంగిన రోజు

1908 సెప్టెంబర్ 28. హైదరాబాద్ మర్చిపోలేని రోజు. కుండపోత వానకు చెరువులు తెగి మూసీ ఒక్కసారిగా ఊరి మీద పడింది. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది!

ఆ రోజు నిజాం ప్యాలెస్ తలుపులు తెరిపించారు. ఇల్లూ వాకిలీ పోయినవాళ్లకు అక్కడ నీడ, తిండి దొరికాయి. పండితులు చెప్పారని మూసీ ఒడ్డుకు వెళ్లి పసుపు, కుంకుమ, చీర సమర్పించి హారతి ఇచ్చారని నగరం ఈనాటికీ చెప్పుకుంటుంది. ముస్లిం పాలకుడు నదీమతల్లికి మొక్కాడన్న ఆ మాట ఆయన్ని మతాలకు అతీతంగా జనం మనిషిని చేసింది.

పాము కరిచినవాళ్లు ఆయన పేరు తలుచుకుంటే బతుకుతారని కూడా నమ్మేవారు. అర్ధరాత్రి అయినా సరే, పాముకాటు కబురు వస్తే తనను నిద్ర లేపమని చెప్పి పెట్టారట. ఇందులో వైద్యం ఎంత అన్నది పక్కన పెడితే, కష్టం వస్తే రాజు తలుపు తట్టొచ్చన్న ధైర్యం జనంలో ఉండేది.

45 ఏళ్లకే ముగిసిన పరుగు

వరద తర్వాత మూడేళ్లకే, 1911 ఆగస్టు 29న, ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మహబూబ్ అలీఖాన్ కన్నుమూశారు. వయసు 45. మక్కా మసీదులో ఆయన సమాధి ఉంది. మళ్లీ మూసీ ఊరు ముంచకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చింది కొడుకు హయాంలో.

ఆయనతో పాటే మలక్‌పేట రేసులూ ఆగాయి. గుర్రాలు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌కి వెళ్లిపోయాయి. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. 1968లో రేసులు తిరిగి మలక్‌పేటకే చేరాయి. ఇప్పుడు దక్కన్ డెర్బీ జరిగేది అక్కడే.

రేస్ కోసం ఆయన ఉన్న మహబూబ్ మాన్షన్ మాత్రం ఆలనాపాలనా లేక శిథిలమైంది. రేస్‌కోర్స్ కళకళలాడుతోంది, రాజు ఇల్లు కూలిపోతోంది.

వజ్రం కొన్న రాజుని కోర్టు కాగితాలు గుర్తుపెట్టుకున్నాయి. రేసులు తెచ్చిన రాజుని రేస్ బుక్ పట్టుకున్నవాళ్లలో ఎంతమంది తలుస్తారో తెలీదు. వరద రోజు తలుపు తీసిన రాజుని మాత్రం ఊరు మర్చిపోలేదు. ఈసారి మలక్‌పేట మీదుగా వెళ్తున్నప్పుడు గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తే, ఓసారి మహబూబ్ పాషాని గుర్తుచేసుకోండి!