అడిగి తెచ్చి పెట్టిన గురువు
(జాన్ మరీ బ్యూరెల్ గారి జీవితము)

సింగపూరు నడిబొడ్డున బ్రాస్ బాసా వీథియు విక్టోరియా వీథియు కలియు ప్రాంతమున నిలిచి చూచినవారికి మూడు పాత కట్టడములు కానవచ్చును. ఒకటి మంచి కాపరి ప్రధాన దేవాలయము. రెండవది వంపు తిరిగిన రెక్కలతో నున్న పెద్ద భవనము. పూర్వము సెయింట్ జోసఫ్ పాఠశాలయై, 1996లో చిత్రకళా ప్రదర్శనశాలగా మారినది. మూడవది గోడలు చుట్టిన కాన్వెంటు. అదియు 1996 నుండి భోజనశాలలు, దుకాణములు గల చోటయినది. ఈ మూడింటికిని మూలపురుషులు ఒక్కరే. వారు ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన విచారణ గురువు జాన్ మరీ బ్యూరెల్ గారు.

మన సంచికలో ఒక ఫ్రెంచి గురువు చరిత్ర ఏల యని అడుగువారు ఉండవచ్చును. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి మన తాత ముత్తాతలలో ఎక్కువమంది ఓడలెక్కి మలయా తోటలకు చేరునాటికి వారు కాలము చేసియుండిరి. మనలో కతోలికులును కొద్దిమందియే. అయినను వారు నెలకొల్పిన బడులలోను, వాటి కొమ్మలైన కాన్వెంటు బడులలోను చదివినవారు మన ఇండ్లలో లేకపోలేదు. కూలికి వచ్చినవారి బిడ్డ చేత పలక పట్టుట ఎంతటి మాటయో తోటల లయములలో పుట్టి పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

బ్యూరెల్ గారు 1813లో బ్రిటనీ సీమలోని ప్లుగెర్నెవెల్ అను ఊరిలో జన్మించిరి. ఆ సీమ ఫ్రాన్సు రాజ్యములోనిదే యయినను పల్లెజనులు ఇండ్లలో మాటలాడునది బ్రెటన్ అను వేరొక భాష. తమిళుల నడుమ తెలుగు నిలుపుకొన్న మనకు ఆ సంగతి సులభముగనే బోధపడును. గురుపట్టము పొంది, పారిసు నగరమునందలి విదేశ వేదబోధక సంఘమున చేరి, 1839వ సంవత్సరము అక్టోబరు 29న వారు సింగపూరున అడుగిడిరి. అప్పటికి వారి వయస్సు 26 ఏండ్లు. రాఫిల్సు దొర ఈ రేవును నెలకొల్పి 20 సంవత్సరములు మాత్రమే అయియుండెను.

ఆనాడు కతోలికులకు బ్రాస్ బాసా వీథిలో 1833లో కట్టిన చిన్న ప్రార్థనాలయము ఒకటి కలదు. దానికి తోడు ఒక తగవును కలదు. పోర్చుగీసు గురువులు ఒక పక్షము, ఫ్రెంచి గురువులు ఒక పక్షము. ఈ ద్వీపమున అధికారము ఎవరిదన్న వివాదము చాలకాలము నడిచెను. మద్రాసు, మైలాపూరు ప్రాంతములలోను ఆ దినములలో ఇట్టి వివాదమే నడిచినది.

ప్రార్థనాలయము చాలకపోగా బ్యూరెల్ గారు పెద్ద దేవాలయమునకు పూనుకొనిరి. 1843 జూన్ 18న జాన్ కానలీ అను వర్తకుడు దానికి పునాదిరాయి వేసెను. నమూనా గీసినవాడు డెనిస్ మెక్‌స్వీనీ. ధనమునకు బ్యూరెల్ గారు చాచని చేయి లేదు. మనీలా అగ్రపీఠాధిపతి ఇచ్చిరి. ఫ్రాన్సు రాణి మరీ అమేలీ ఇచ్చినది. ఊరి వర్తకులును ఇచ్చిరి. మొత్తము 18,355 డాలర్లు వ్యయమై, 1847 జూన్ 6న ఆలయము ఆశీర్వదింపబడెను. ఆ పేరునకు ఒక కథ కలదు. 1821లో సింగపూరు మీదుగా వెళ్లిన లారెంట్ ఇంబేర్ అను ఫ్రెంచి గురువు తరువాత కొరియా దేశమునకు మేత్రాణులైరి. అచ్చట క్రైస్తవులను వెదకి వెదకి చంపుచుండగా, తాము పట్టుబడినచో తక్కిన జనము బ్రదుకునని వారు తమంత తామే లొంగిపోయి, మంచి కాపరి మందకొరకు ప్రాణమిచ్చునన్న సువార్త బోధను తలచి తోడి గురువులను సైతము లొంగిపొమ్మని కోరిరి. 1839 సెప్టెంబరు 21న వారి శిరస్సు ఖండింపబడెను. బ్యూరెల్ గారు సింగపూరున దిగుటకు సరిగా 38 దినములు ముందు! దేవాలయమునకు మంచి కాపరి యను పేరు వచ్చుటకు ఆ స్మృతియే కారణమని చెప్పుదురు. ఇంబేర్ గారికి 1984లో పునీత పట్టము లభించినది.

గుడి కట్టిన గురువులు లోకమున అనేకులు. బ్యూరెల్ గారి విశేషము అటుపిమ్మటి పనిలో ఉన్నది. రేవులో పనిపాటలు చేయు జనము పెరుగుచుండెను. వారి పిల్లలు వీథులవెంట తిరుగుచుండిరి. బడికి ఉపాధ్యాయులు కావలెను, ఉపాధ్యాయులకు జీతములు కావలెను. వేచి వేచి 1850లో వారు తామే ఓడయెక్కి ఫ్రాన్సునకు పోయిరి. విద్యాబోధనయే వ్రతముగా గల లసాల్ సహోదరుల పెద్దలను ఆశ్రయించి, ఆరుగురు సహోదరులను వెంటబెట్టుకొని 1852 మార్చి 29న తిరిగి వచ్చిరి. వారిలో కొందరు పినాంగునకు వెళ్లిరి. తక్కినవారితో మే నెల మొదటి తేదీననే సింగపూరున బడి తెరువబడెను. ఎక్కడ ననగా, ఆ పాత ప్రార్థనాలయములోనే. కొత్త భవనమునకు 1855లో శంకుస్థాపన జరిగినను అది ముగియుసరికి 1867 వచ్చినది. పండ్రెండేండ్లు! డబ్బు కూడినప్పుడు గోడ లేచెను, కూడనప్పుడు నిలిచెను.

మగపిల్లల సంగతి ఇట్లుండగా ఆడపిల్లల మాట ఎత్తినవారే అరుదు. కన్యస్త్రీల మఠమునకు, బాలికల బడికి స్థలమిమ్మని బ్యూరెల్ గారు గవర్నరు బటర్‌వర్తు దొరను కోరగా అంగీకారము లభింపలేదు. అడుగుటలో ఆరితేరిన గురువు ఈసారి అడుగుట మాని, తమ చేతి సొమ్ము పెట్టి 1852లో కాల్డ్‌వెల్ అను ఉద్యోగి ఇంటిని కొనిరి. శిల్పి కోల్మన్ 1840–41లో కట్టిన ఆ ఇల్లు గుడికి కూతవేటు దూరమున కలదు. ఈ ద్వీప చరిత్రలో ఇంతకంటె మంచి కొనుగోలు జరిగినదని నేననుకొనను.

1854 ఫిబ్రవరి 5న మదర్ మటిల్డ్ రాక్లో గారు మరి ముగ్గురు కన్యస్త్రీలతో పినాంగునుండి వచ్చి ఆ ఇంట ప్రవేశించిరి. లోపల సామాను నామమాత్రము. అయినను కొద్ది దినములలోనే రెండు తరగతులు ఆరంభమైనవి. ఒకటి రుసుము ఇచ్చుకొనగల పిల్లలకు, ఒకటి దిక్కులేని పిల్లలకు. కుట్టుపని, అల్లికపని అమ్మి సిస్టర్లు పొట్ట పోసుకొనిరి. తరువాత బ్యూరెల్ గారు చుట్టుపట్ల స్థలములను కూడ సంపాదించి మఠమునకు ఒసగిరి.

ఆ మఠపు గోడకు విక్టోరియా వీథి వైపున ఒక చిన్న ద్వారము కలదు. పెంచలేని తల్లులు చీకటివేళ పసికందును బుట్టలో పెట్టి ఆ వాకిట విడిచి పోవుచుండిరి. ఆడబిడ్డలే ఎక్కువ. పేదరికము వలన కొందరు, పుట్టిన వేళ మంచిది కాదను నమ్మకము వలన కొందరు, రోగము వలన కొందరు. అనేక దశాబ్దములు ఇది సాగినది. ఆ శిశువులకు జ్ఞానస్నానమిచ్చి క్రైస్తవులుగా పెంచుటను గూర్చి మన పెద్దలలో అభ్యంతరము చెప్పినవారు లేకపోలేదు. ఆ అభ్యంతరమును నేను తేలికగా త్రోసివేయను. కన్నతల్లి దేవుని పేరు ఆ బిడ్డకు తెలియకపోవుట చిన్న నష్టము కాదు. కాని తెల్లవారుసరికి ఆ బుట్టను ఎత్తుకొనుటకు వీథిలో వేరొక తలుపు తెరచి యుండలేదు.

ఇదే కాలమున మన కళింగసీమలోను ఇట్టి పని మొదలైనది. 1846లో ఫ్రాన్సు సరిహద్దునందలి సావోయ్ నుండి వచ్చిన గురువులు విశాఖపట్టణమును కేంద్రముగా చేసికొనిరి. కొద్ది ఏండ్లకు కన్యస్త్రీలును వచ్చి ఆడపిల్లలకు బడులు పెట్టిరి. ఓడ ఎక్కినవారి ఊరిలోను, ఓడ దిగినవారి రేవులోను ఒకే తరమువారు ఒకే పని చేయుచుండిరి.

సింగపూరు చేరిన భారతీయ కతోలికుల ఆలనాపాలనా బ్యూరెల్ గారి తరువాతి గురువుల వంతైనది. పియర్ పారి గారు చైనా భాషయు తమిళమును నేర్చి రెండు జాతులకును బోధించిరి. వారి పూనికతో 1870లో పునీత పేతురు పౌలుల దేవాలయము వెలసెను. పిమ్మట 1888లో ఓఫిర్ వీథిలో లూర్దుమాత దేవాలయము తమిళులకు ప్రత్యేకముగా ఏర్పడినది.

1868 నాటికి బ్యూరెల్ గారి దేహము పక్షవాతముచే కుంగిపోయెను. దాదాపు ముప్పది ఏండ్లు పనిచేసిన ద్వీపమును విడిచి స్వదేశమునకు పోవలసి వచ్చెను. 1872 అక్టోబరు 3న పారిసు నగరమున వారు పరమపదించిరి. మదర్ మటిల్డ్ గారు ఆ యేడే సింగపూరును విడిచి జపాను దేశమున కొత్త మఠములు స్థాపించుటకు వెడలిరి. మంచి కాపరి ఆలయము 1897లో ప్రతిష్ఠింపబడినది. 1973లో జాతీయ స్మారక చిహ్నముగా ప్రకటింపబడినది. కాన్వెంటు బడి 1983లో తోవా పాయోకు తరలిపోయినను, విక్టోరియా వీథి వైపున ఆ చిన్న ద్వారమును నేటికిని చూడవచ్చును.