ఆంధ్రకేసరికి ప్రజలిచ్చిన పర్సులు

చెన్నైలో హైకోర్టు దగ్గరి బ్రాడ్వేకి ప్రకాశం సాలై అని పేరు. ఆ దారిన రోజూ తిరిగే తెలుగువాళ్లను ప్రకాశం పంతులు ఎవరని అడిగితే, సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకికి రొమ్ము విరిచి నిలబడ్డ మనిషి అంటారు. అది 1928 నాటి మాట. ఆ ధైర్యం గురించి మన పెద్దలు మనకు కథలుగా చెప్పారు. ఆయన జీవితంలో అంతగా చెప్పుకోని సంగతి మరొకటి ఉంది. అది డబ్బు సంగతి. ప్రజలు నాయకుడికి ఇచ్చిన డబ్బు ఎవరిది అన్న ప్రశ్న ఆయన్ను డెబ్బై ఏళ్లు దాటాక కూడా వదల్లేదు.

టంగుటూరి ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టడానికి ఇంట్లో డబ్బు లేకపోతే, తన పట్టుచీర తాకట్టు పెట్టి తెచ్చింది. ఆ తరవాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆయన్ను చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. ప్రకాశం చదువు మొదటినుంచీ ఇతరుల చేతి డబ్బుతోనే సాగింది.

రాజమండ్రిలో ప్లీడరుగా పేరు తెచ్చుకుని పురపాలక సంఘం అధ్యక్షుడయ్యారు. లండన్ వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. కొద్ది ఏళ్లలోనే ముందు వరసకు చేరారు. ఇల్లూ వాకిలీ, ఆస్తీ అమరాయి. 1921లో గాంధీజీ పిలుపు అందుకుని కోర్టు మానేశారు. అదే సంవత్సరం మద్రాసులో ‘స్వరాజ్య’ అనే ఇంగ్లీషు దినపత్రిక పెట్టారు. తరవాత తెలుగు, తమిళ పత్రికలు కూడా తెచ్చారు.

ఆయన సంపాదన చాలావరకు ఆ పత్రికకే పోయింది. వాటాలు అమ్మినా, ఊరూరా తిరిగి డబ్బు పోగుచేసినా చాలలేదు. సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందని రోజులున్నాయి. అయినా చాలామంది ఆయన్ను వదిలి పోలేదు. 1930 దశాబ్దం మధ్యకల్లా పత్రిక మూతపడింది. అప్పటికి బారిస్టరు గారి ఆస్తి హరించుకుపోయింది.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ రైతుల బాధలు విచారించిన సంఘానికి అధ్యక్షత వహించారు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లి 1945లో బయటికి వచ్చారు. అప్పటికి ఆయనకు వయసు డెబ్బై మూడు. చేతిలో వృత్తి లేదు, పత్రిక లేదు, పొలం లేదు. ఎదురుగా ఎన్నికలున్నాయి.

ఆయన మళ్లీ ఊళ్ల మీద పడ్డారు. ఆ రోజుల్లో నాయకుడు వస్తే సభ పెట్టి, పూలదండ వేసి, సన్మానపత్రం చదివి, చివర్లో పర్సు సమర్పించేవారు. పర్సు అంటే ఊరి పెద్దలు చందాలు వేసుకుని పోగుచేసిన డబ్బు సంచి. రైతు తన శక్తి కొద్దీ, దుకాణదారు తన శక్తి కొద్దీ, ప్లీడరు తన శక్తి కొద్దీ అందులో వేసేవారు. అప్పట్లో అందరికీ ఓటు లేదు. పన్ను కట్టేవాళ్లకు, కొంత చదువుకున్నవాళ్లకే ఉండేది. చందా వేయడానికి అలాంటి అర్హతలేమీ అక్కర్లేదు. ఓటు లేనివాడు కూడా పంతులుగారి సంచిలో నాణెం వేయగలిగాడు.

ఆ పర్సులను ప్రకాశం తన ఖర్చులకు వాడుకున్నారు. గాంధీజీకి ఇది నచ్చలేదు. ప్రజాసేవకుడికి ప్రజలిచ్చిన సొమ్ము ప్రజలదేననీ, అది ప్రజల పనికే వెళ్లాలనీ ఆయన నియమం. తనకు వచ్చిన ప్రతి పైసాకూ లెక్క రాయించే మనిషి ఆయన. ప్రకాశం వాదన వేరు. ఉన్నదంతా దేశానికి పెట్టి ఖాళీ చేతులతో మిగిలిన తన పరిస్థితి తెలిసే ప్రజలు ఇచ్చారనీ, తాను బతికి పనిచేయడానికే ఇచ్చారనీ ఆయన నమ్మారు. దాచింది లేదు, దొంగచాటుగా తీసుకున్నదీ లేదు. తీసుకున్నది నిండు సభలోనే.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ప్రకాశం పక్షాన లోటు ఒకటే: ఇచ్చేటప్పుడు ఆ మాట స్పష్టంగా ఎవరూ చెప్పుకోలేదు. పార్టీకి ఇచ్చామనుకున్నవాడు ఉన్నాడు, పంతులుగారికి ఇచ్చామనుకున్నవాడూ ఉన్నాడు.

1946లో శాసనసభా పక్షానికి రాజాజీ నాయకుడు కావాలని అధిష్ఠానం కోరింది. సభ్యులు ఒప్పుకోలేదు. ముత్తురంగ మొదలియార్‌తో జరిగిన పోటీలో ప్రకాశం నెగ్గి, ఏప్రిల్ 30న మద్రాసు ప్రధాని అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. పదవిలోకి వచ్చాక ఖద్దరును నిలబెట్టడానికి కొత్త బట్టల మిల్లులకు అడ్డుచెప్పారు. పర్సుల విషయంలో ఆయన్ను తప్పుపట్టిన గాంధీజీ ఈ విషయంలో ఆయన్ను సమర్థించారు. మిల్లు యజమానులకు కోపం వచ్చింది. సొంత పార్టీవాళ్లే ఎదురు తిరగడంతో 1947 మార్చిలో దిగిపోయారు.

1951లో కాంగ్రెసు వదిలి కొత్త పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, కర్నూలు రాజధానిగా దాని మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మద్రాసు నగరం ఆ రాష్ట్రంలోకి రాలేదు. ఆయన సంపాదించిందీ, పోగొట్టుకున్నదీ ఆ నగరంలోనే. ఏడాది దాటగానే, 1954 నవంబరులో, ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1957లో ఎండాకాలంలో ఒంగోలు ప్రాంతంలో తిరుగుతుండగా వడదెబ్బ తగిలి, మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పుడు కూడా ఆయన వెనుక ఆస్తి అంటూ లేదు.

చెన్నై, బెంగళూరు, బరంపురం, ముంబై, యానాం, ఎక్కడైనా మన తెలుగు సంఘాల్లో ఎవరైనా పెద్దమనిషి ఎన్నికల్లో నిలబడితే చందాపుస్తకం ఇంటింటికీ వస్తుంది. ఇవ్వడం మంచిదే. ఇచ్చే ముందు ఒక్క మాట అడిగి రాయించుకోవాలి: ఇది ఆయన ఇంటి ఖర్చుకా, ఆయన పోటీకా, సంఘం పనికా? మిగిలితే ఎవరికి చేరాలి? ప్రకాశం పంతులంతటి త్యాగి పేరు మీద కూడా మచ్చ మాట పడింది ఆ ఒక్క వాక్యం ఎవరూ రాయకపోవడం వల్లే. మన అభ్యర్థులకు ఆ ఇబ్బంది లేకుండా చేయడం ఒక రసీదుతో అయ్యే పని.