ముల్లు తెలిపిన రహస్యము: ఇల్యా మెచ్నికోవ్ జీవితము

కాలిలో ముల్లు విరిగినచో ఏమగునో మన పిల్లలకెల్లరకును తెలియును. ఆ చోటు మొదట ఎఱ్ఱబడును. పిమ్మట వాచి సలుపును. రెండు మూడు దినములకు చీము పట్టును. వాపును, చీమును మనము పీడలుగనే తలంతుము. కాని అవి దేహము తన్ను తాను కాపాడుకొనుటకై చేయు యుద్ధమునకు గుర్తులని ప్రయోగపూర్వకముగ చూపిన మహనీయుడు ఇల్యా మెచ్నికోవ్. ఆయన వైద్యుడు కాడు; జంతుశాస్త్రజ్ఞుడు. ఆయన జీవితకథను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ సంచికలో వినిపింపగోరుచున్నాము.

మెచ్నికోవ్ 1845వ సంవత్సరమున నాటి రష్యా సామ్రాజ్యములోని ఖార్కోవ్ నగర ప్రాంతమున ఒక గ్రామమందు జన్మించెను. ఆ ప్రాంతము నేడు ఉక్రెయిన్ దేశములో నున్నది. బాల్యమునుండియు ఆయనకు చెట్టుచేమలయందును, పురుగుపుట్రలయందును మిక్కిలి ఆసక్తి. ఖార్కోవ్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించెను. పిదప జర్మనీలోను, ఇటలీలోని నేపుల్సు తీరమునను సముద్రజీవులను పరిశీలించి, 1870లో ఒడెస్సా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యు డయ్యెను. అప్పటి కాయన వయస్సు ఇరువదియైదేండ్లు.

విద్య ఇంత త్వరగా ఫలించినను గృహసౌఖ్యము ఆయనకు దక్కలేదు. 1869లో ఆయన లుద్మిలా అను యువతిని వివాహమాడెను. అప్పటికే ఆమె క్షయవ్యాధిచే మిక్కిలి కృశించియుండుటచే, పెండ్లినాడు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసికొనిపోవలసివచ్చెను. మంచి గాలి, మంచి ఎండ లభించునన్న ఆశతో ఆమెకై ఆయన దూరదేశములకు పోయెను. ఆ ప్రయాస యంతయు వ్యర్థమయ్యెను. 1873లో అట్లాంటిక్ సముద్రములోని మదీరా ద్వీపమున ఆమె కన్నుమూసెను. క్షయను కలిగించు సూక్ష్మజీవి యుండునని నాటికి ఎవ్వరును కనుగొనియుండలేదు. రాబర్ట్ కాక్ దానిని 1882లో గాని కనిపెట్టలేదు. శత్రువెవరో తెలియక, కాపాడు మార్గము తెలియక, కన్నులయెదుట ఆప్తురాలిని పోగొట్టుకొనిన దుఃఖము మెచ్నికోవును చాలకాలము క్రుంగదీసెను. 1875లో ఓల్గాను పెండ్లాడిన పిమ్మట ఆయన మరల నిలదొక్కుకొనెను.

1881లో రష్యా చక్రవర్తి హత్య చేయబడెను. తరువాత విశ్వవిద్యాలయములలో కలతలు చెలరేగెను. వాని మధ్య పని సాగదని తలంచి మెచ్నికోవ్ 1882లో ఉద్యోగమును విడిచి, భార్యతోను, ఆమె తోబుట్టువులతోను సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమునకు పోయెను. అక్కడ ఒకనాడు ఇంటివారందరు సర్కసు చూడ వెడలిరి. ఆయన ఒంటరిగ సూక్ష్మదర్శినియొద్ద కూర్చుండి నక్షత్రమత్స్యపు పిల్లను చూచుచుండెను. పేరునకు మత్స్యమే గాని అది చేప కాదు. దాని పిల్ల దేహము గాజువలె పారదర్శకమగుటచే లోపల కదలాడు కణములు స్పష్టముగ కనబడును. అట్టి కణములు ఆహారపు తునుకలను మ్రింగి జీర్ణించుకొనుట ఆయన పూర్వమే చూచియుండెను. ఆహారమును మ్రింగు కణములు లోనికి చొరబడిన శత్రువును మాత్రమేల మ్రింగరాదు? ఈ ప్రశ్న మనస్సున మెదలగానే ఆయన తోటలోనికి పోయి గులాబి ముండ్లు తెచ్చి, ఆ పిల్లజీవుల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూడగా ముల్లు చుట్టును కణములు గుంపుగట్టి దానిని ముట్టడించియుండెను. రక్తనాళములైనను లేని ఆ చిన్నజీవిలో జరిగినది, మన కాలిలో ముల్లు విరిగినప్పుడు తెల్లరక్తకణములు చేయు పనియే యని ఆయన గ్రహించెను. ఆ కణములకు భక్షక కణములను అర్థమిచ్చు గ్రీకు పేరును వియన్నా నగరపు పండితులు సూచించిరి.

పిమ్మట డాఫ్నియా అను మంచినీటి చిన్నజీవిని ఆయన పరిశోధించెను. సూదివంటి బూజుబీజములు దాని ప్రేగును చీల్చుకొని లోనికి ప్రవేశించును. కణములు వానిని మ్రింగగలిగినచో డాఫ్నియా బ్రదుకును. లేనిచో బూజు పెరిగి దానిని చంపును. జయాపజయములు రెండును సూక్ష్మదర్శిని క్రింద కనబడుచుండెను.

అయినను పండితులందరు ఆయన మాటను అంగీకరింపలేదు. తెల్లకణములు సూక్ష్మజీవులను చంపుటకు బదులు మోసికొనిపోయి దేహమంతట వ్యాపింపజేయునని నాటి వైద్యుల నమ్మకము. 1890లో జర్మనీయందు బేరింగ్, కిటసాటో అనువారు ధనుర్వాతపు విషమును విరిచివేయు శక్తి రక్తరసములోనే కలదని చూపిరి. రక్షణ యంతయు రసమునందే యని ఒక పక్షము, కణములయందే యని మరియొక పక్షము ఏర్పడెను. 1888లో ప్యారిస్ నగరమున పాశ్చర్ తన సంస్థలో మెచ్నికోవునకు ప్రయోగశాల నొసగెను. మాతృభాష రష్యన్ అయినను జర్మను, ఫ్రెంచి భాషలలో వ్రాయుచు, ప్రతి ఆక్షేపణకును క్రొత్త ప్రయోగముతో బదులు చెప్పుచు ఆయన ఇరువది సంవత్సరములు వాదము సాగించెను.

తుదకు తేలినదేమి? ఇరుపక్షములవారును సత్యమున చెరియొక సగమును పట్టుకొనియుండిరి. రక్తరసములోని కొన్ని పదార్థములు సూక్ష్మజీవుల కంటుకొని, వానిని భక్షక కణములు సులభముగ మ్రింగునట్లు చేయునని 1903లో ఇంగ్లండునందు రైట్, డగ్లస్ అనువారు చూపిరి. 1908లో నోబెల్ బహుమానము మెచ్నికోవునకును, రసపక్షమువాడగు పాల్ ఎర్లిఖ్‌నకును కలిపి ఇయ్యబడెను. భక్షక కణములలో కొన్ని తాము మ్రింగిన శత్రువు తునుకలను ఇతర కణములకు చూపి, ప్రతిరక్షకముల తయారీకి తోడ్పడునని నేటి శాస్త్రము తెలుపుచున్నది.

ఆయన చెప్పినదంతయు నిలువలేదు. ప్రేగులలోని చెడు సూక్ష్మజీవులే ముసలితనమునకు కారణమనియు, పులిసిన పాలు త్రాగినచో ఆయుర్దాయము పెరుగుననియు ఆయన నమ్మి, తానును నిత్యము సేవించెను. పెరుగు మంచి ఆహారమని మన ఇండ్లలో ఎల్లరెరుగుదురు. కాని అది వార్ధక్యమును ఆపునని ఋజువు కాలేదు. ఆయన 1916లో ఎనుబదేండ్లైనను నిండకయే, డెబ్బదియొకటవ యేట ప్యారిస్‌లో మరణించెను. ఆయన అస్థికలు పాశ్చర్ సంస్థ గ్రంథాలయమున ఉంచబడినవి. ఒడెస్సాలో ఆయన శిష్యుడైన హాఫ్‌కిన్ 1893లో మన దేశమునకు వచ్చి కలరా టీకాను, 1897లో బొంబాయినందు ప్లేగు టీకాను ప్రవేశపెట్టెను.

విద్యార్థులారా! మెస్సీనాలో మెచ్నికోవునకు కావలసివచ్చినవి ఒక సూక్ష్మదర్శిని, కొన్ని ముండ్లు, ఒక ప్రశ్న. లుద్మిలాను కాపాడలేకపోయిన ఆయన, ఎందరి ప్రాణములనో కాపాడు విద్యకు పునాది వేసెను. ఇకమీదట ముల్లు గ్రుచ్చుకొని కాలు వాచినప్పుడు, ఆ పుండును కడిగి శుభ్రపరచి, పెద్దలకు చూపుడు. లోపల మీకై పోరాడుచున్న కణములను, వానిని కనుగొనుటకై ఒక రాత్రి నిద్రమానిన ఆ మహనీయుని ఒక్క నిమిషము స్మరింపుడని మేము కోరుచున్నాము.