పిల్లల డాక్టరు కోర్చాక్

నెల కిందట మా అక్క కొడుకుని ఆసుపత్రిలో చేర్పించారు. వాడికి ఆరేళ్ళు. సూది వేసే ముందు, నొప్పే ఉండదురా అని వాడికి చెప్పింది నేనే. తర్వాత రెండు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. ఆ రోజుల్లోనే యానుష్ కోర్చాక్ గురించి చదివాను. మీకూ చెప్పాలనిపించింది.

ఆయన పోలండు దేశపు యూదుడు. వార్సాలో పుట్టారు. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్, కోర్చాక్ అన్నది కలం పేరు. తండ్రి లాయరు. ఆయన మతి చలించి, 1896లో పోయారు. కుర్రవాడైన హెన్రిక్ ట్యూషన్లు చెప్పి ఇల్లు గడిపారు. తర్వాత వైద్యం చదివి, 1905 నుంచి వార్సాలోని యూదు పిల్లల ఆసుపత్రిలో పనిచేశారు. మధ్యలో యుద్ధానికి వెళ్ళాల్సి వచ్చినా మళ్ళీ అక్కడికే వచ్చారు.

1912లో ఆసుపత్రి వదిలి, క్రోఖ్మాల్నా వీధిలో అనాథ పిల్లల ఇల్లు నడపసాగారు. స్టెఫానియా విల్చిన్‌స్కా అనే ఆవిడ ఆయనకు కుడిభుజం. అక్కడ పిల్లలకు సొంత కోర్టు ఉండేది. పిల్లలే జడ్జీలు. పెద్దవాళ్ళ మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు. మన గోడపత్రిక లాంటి నోటీసు బోర్డు ఉండేది, ఉత్తరాల డబ్బా ఉండేది. నోటితో చెప్పుకోలేనిది పిల్లలు రాసి అందులో వేసేవారు. పసివాళ్ళ కన్నీళ్ళను పెద్దలు చిన్నచూపు చూడకూడదని ఆయన పుస్తకాల్లో రాశారు. అయినా, జబ్బు పిల్లల్ని వదిలి వచ్చేశానన్న బాధ ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

1940లో నాజీలు ఆ పిల్లలందర్నీ గెట్టోలోకి, అంటే గోడ కట్టి యూదుల్ని బంధించిన పేటలోకి తరిమారు. తిండి లేదు, జబ్బులు. కోర్చాక్ తనకే ఒంట్లో బాగాలేకపోయినా, ఇంటింటికీ తిరిగి పిల్లల కోసం అడుక్కొచ్చేవారు. 1942లో, చావుబతుకుల్లో ఉన్న పసిపిల్లలతో నిండిన మరో ఆశ్రమంలో కూడా పని అడిగి మరీ చేరారు.

ఆ ఏడాది జులై 18న ఆయన పిల్లలు ఒక నాటకం ఆడారు. అది మన రవీంద్రుని పోస్టాఫీసు నాటకం! అమల్ అనే జబ్బు పిల్లవాణ్ణి వైద్యుడు గడప దాటొద్దంటాడు. వాడు కిటికీ దగ్గర కూర్చుని పెరుగమ్మేవాడితో, కావలివాడితో, పూలమ్మాయితో కబుర్లు చెబుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. చివర్లో రాజవైద్యుడు వచ్చి తలుపులు తెరిపిస్తాడు, అమల్ నిద్రలోకి జారుకుంటాడు. చావుని భయం లేకుండా ఎదుర్కోవడం పిల్లలకు తెలియాలనే కోర్చాక్ దాన్ని ఎంచుకున్నారంటారు. ఏమీ కాదులే అని ఆయన వాళ్ళకు బొంకలేదు. ఒక కథ చేతికిచ్చి, పక్కన కూర్చున్నారు.

ఆగస్టు మొదటి వారంలో సైనికులు వచ్చారు. బయటి స్నేహితులు ఆయన్ని తప్పిస్తామని అంతకుముందే ఎన్నోసార్లు అన్నారు, ఆయన ఒప్పుకోలేదు. దాదాపు 200 మంది పిల్లలతో, స్టెఫానియాతో కలిసి రైలెక్కారు. ట్రెబ్లింకా నుంచి వాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఇప్పుడక్కడ వేల రాళ్ళు నిలబెట్టారు. ఒక మనిషి పేరున్న రాయి ఒక్కటే. అది కోర్చాక్‌ది, ఆయన పిల్లలది.

మొన్న మళ్ళీ సూది రోజు వచ్చింది. కాస్త నొప్పి పుడుతుందిరా, నేనిక్కడే ఉంటాను అని చెప్పాను. వాడు ఏడ్చాడు. కానీ ఈసారి నా చెయ్యి వదల్లేదు.